సీసా మూత తీయకముందు: క్వెర్సెటిన్ వాడాలా వద్దా తేల్చుకోవడం ఎలా?

పోయిన వేసవిలో ఒక రిటైర్డ్ మాస్టారు మా దుకాణం బల్ల మీద ఒక సీసా పెట్టారు. శ్రీకాకుళంలో మాది చిన్న మందుల దుకాణం. ఆయన ఏళ్ల తరబడి బీపీ మాత్రలు మా దగ్గరే కొంటున్నారు. సీసా అమెరికా నుంచి కొడుకు పంపాడట. దాని మీద ఎర్ర ఉల్లిపాయ బొమ్మ, ఆ పక్కనే పెద్ద అక్షరాల్లో ‘క్వెర్సెటిన్’ అన్న పేరు.

“నాకూ మా ఆవిడకూ కలిపి పంపాడు. రోజుకు ఎన్ని వేసుకోవాలి?” అన్నారు.

“ఎందుకు వేసుకోవాలనుకుంటున్నారు మాస్టారూ?” అన్నాను.

“మంచిదట” అన్నారు.

సీసా నా దగ్గర ఉంచుకుని ఆయన్ని ఇంటికి పంపాను. తర్వాతి నెలల్లో ఆయన చేత చేయించిన పనులనే ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీ ఇంటికి కూడా ఇలాంటి సీసా వచ్చి ఉంటే ఇదే వరసలో వెళ్ళండి. మూత తీయకముందు చేయాల్సిన పనులే ఎక్కువ, తీశాక చేయాల్సినవి తక్కువ.

ముందు ఈ పదార్థం సంగతి. ఉల్లి పొట్టును నీళ్లలో వేసి మరిగిస్తే పసుపు, గోధుమ కలిసిన రంగు దిగుతుంది. ఆ రంగులో ప్రధాన భాగం క్వెర్సెటిన్‌ది. మొక్కలు తమ అవసరాల కోసం తయారు చేసుకునే ఫ్లేవనాయిడ్లు అనే పెద్ద కుటుంబంలో ఇదొకటి. ఉల్లి, మునగాకు, కొత్తిమీర, టీ ఆకు, ఆపిల్ తొక్క, అన్నిటిలోనూ ఎంతో కొంత ఉంటుంది. 1936లో హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్-గ్యోర్గీ బృందం నిమ్మజాతి పండ్లలోని ఫ్లేవనాయిడ్లకు ‘విటమిన్ పి’ అని పేరు పెట్టింది. అవి అందకపోతే ఫలానా జబ్బు వస్తుందని ఎవరూ చూపించలేకపోయారు కాబట్టి తర్వాత ఆ పేరు పోయింది. ఇది పాత ముచ్చటే అయినా మీకు ఇవాళ కూడా పనికొస్తుంది. విటమిన్ కానిదానికి లోపం ఉండదు. ‘మీ ఒంట్లో క్వెర్సెటిన్ తక్కువైంది’ అని ఎవరైనా వేలిముద్ర యంత్రంలోనో అరచేతి యంత్రంలోనో చూసి చెబితే, చెప్పులు వేసుకుని వచ్చేయండి.

1. కారణాన్ని కాగితం మీద రాయండి

‘ఆరోగ్యం కోసం’ అని రాస్తే లెక్కలోకి రాదు. బీపీయా, తుమ్ములా, యూరిక్ యాసిడా, ఏదో ఒక్కటే రాయండి. రెండు రాయాలనిపిస్తే ముందుగా తోచినదాన్ని ఉంచి రెండోది కొట్టేయండి.

బీపీ అని రాస్తే, ఉన్నవాటిలో కాస్త గట్టి ఆధారం దానికే ఉంది. 2016లో పరిశోధకులు ఏడు ప్రయోగాలను, వాటిలోని 587 మందిని కలిపి లెక్క కట్టారు. పై అంకె సగటున 3 పాయింట్లు, కింది అంకె రెండున్నర పాయింట్లకు కాస్త ఎక్కువగా తగ్గాయి. అది కూడా రోజుకు 500 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకున్నవారిలోనే స్పష్టంగా కనిపించింది. 3 పాయింట్లు ఉత్తివి కావు గానీ, 160 ఉన్న మనిషిని అవి 130కి తీసుకురావు. బీపీ మాత్ర మానేసి ఇది వేసుకోవాలనుకునేవారు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

యూరిక్ యాసిడ్ మీద ఒక చిన్న ప్రయోగం ఉంది. 22 మంది మగవారికి నాలుగు వారాలు రోజుకు 500 మిల్లీగ్రాములు ఇస్తే కొద్దిగా తగ్గింది. వారికి కీళ్ల వాతం లేదు, యూరిక్ యాసిడ్ పై అంచున ఉందంతే. కాలి బొటనవేలు ఎర్రగా వాచి మంచం దిగలేని మనిషికి ఆ ఫలితం అప్పగించలేం.

జలుబు, రొంప అని రాశారా? 2010లో వచ్చిన ఒక పెద్ద ప్రయోగంలో 1,002 మందికి 12 వారాలు ఇచ్చి చూశారు. మొత్తం మీద తేడా ఏమీ రాలేదు. నలభై దాటి, ఒళ్ళు గట్టిగా ఉంచుకున్నవారిలో రోజుకు 1,000 మిల్లీగ్రాములు తీసుకున్నవారు మాత్రం తక్కువ రోజులు జబ్బుపడ్డారు. ఇలా మొత్తంలో కనిపించనిది ఒక ముక్కలో కనిపించినప్పుడు దాన్ని ఆశగా చూడాలి తప్ప రుజువుగా కాదు.

తుమ్ములు, దురదలు, ఎలర్జీ: గాజు పలకల మీద కణాలతో బాగా పనిచేసింది, మనుషుల మీద చేసినవి చిన్నవి, కొన్నే. షుగరు: నమ్మదగ్గ తగ్గుదల లేదు. ముసలితనం రాకుండా: ఇది ఒక క్యాన్సర్ మందుతో కలిపి విడతలు విడతలుగా ఇస్తూ ఇంకా పరీక్షల దశలో ఉన్న సంగతి, ఇంట్లో చేసే పని కాదు. క్యాన్సర్ అని రాసి ఉంటే ఆ కాగితం తీసుకుని నేరుగా మీ క్యాన్సర్ డాక్టరు దగ్గరకు వెళ్ళండి. చికిత్స నడుస్తుండగా ఆయనకు తెలియకుండా ఒక్క గుళిక కూడా వద్దు.

కాగితం మీద రాయడానికి ఏమీ తోచకపోతే పని అక్కడితో అయిపోయింది. సీసాను పంపినవారికే తిరిగి ఇచ్చేయండి.

2. కిడ్నీల లెక్క చూసుకోండి

ఈ మెట్టును ఇంకో జిల్లావారు రెండు వాక్యాల్లో దాటేయవచ్చు. మనం దాటలేం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం, పలాస వైపు నుంచి మా దుకాణానికి వచ్చేవారి మందుల చీటీలు చూస్తే ఉద్దానం కథ అర్థమవుతుంది. కొబ్బరి తోటలు, జీడి తోటలు ఉన్న ఆ పచ్చని నేలలో దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు ఊళ్లను తినేస్తోంది. ఇదమిత్థమని ఒక్క కారణం ఇప్పటికీ తేలలేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీరు గొట్టాల్లో వస్తోంది. అయినా ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు, చెప్పి రాదు. తనకు ఉందని తెలియనివారే చాలామంది.

మరి క్వెర్సెటిన్‌కూ కిడ్నీకీ ఏమిటి సంబంధం? మామూలు మోతాదులో నోటి ద్వారా తీసుకున్న ఆరోగ్యవంతుల్లో కిడ్నీకి హాని కనిపించలేదు. కానీ క్యాన్సర్ రోగులకు పెద్ద మోతాదులో నరంలోకి ఎక్కించి చూసిన తొలి ప్రయోగంలో, 1996లో, అది కిడ్నీలను దెబ్బతీసింది. సప్లిమెంట్ల ప్రయోగాల్లో చేర్చుకునేది ఎక్కువగా కిడ్నీలు బాగున్నవారినే. అంటే కిడ్నీ దెబ్బతిన్న మనిషికి ఇది భద్రమని చెప్పే ఆధారం చేతిలో లేదు. కిడ్నీ జబ్బు ఉందని ముందే తెలిసినవారు, డయాలసిస్ మీద ఉన్నవారు, కిడ్నీ మార్పిడి అయినవారు ఈ వ్యాసం ఇక్కడితో ఆపేసి సీసా పక్కన పెట్టేయవచ్చు. మిగతావారు రక్తంలో క్రియాటినిన్ (కండల నుంచి వచ్చే వ్యర్థం, కిడ్నీలు దాన్ని వడకట్టి పంపేస్తాయి), మూత్రంలో అల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి కారే ప్రోటీను) పరీక్షలు చేయించుకోండి.

రిపోర్టు చదవడంలో ఒక మెలిక ఉంది. మాస్టారి భార్యకు 62 ఏళ్ళు, సన్నటి మనిషి. క్రియాటినిన్ 1.2 వచ్చింది. ల్యాబ్ కాగితం మీద అది మామూలు హద్దుల్లోనే ఉంది, కింద ఎర్ర గీత కూడా లేదు. ఆమె సంతోషంగా చూపించారు. నేను ఫోనులో లెక్క కట్టాను. క్రియాటినిన్‌ను వయసు, ఆడా మగా అన్నదానితో కలిపి కిడ్నీ వడపోత వేగాన్ని అంచనా వేసే సూత్రం ఒకటి ఉంది, దాన్ని ఇ.జి.ఎఫ్.ఆర్. అంటారు. ముప్ఫై ఏళ్ల మగవాడికి అదే 1.2 వస్తే వడపోత 83 దాకా ఉంటుంది. ఈమెకు 51 వచ్చింది. కండ తక్కువ ఉన్న ఒంట్లో క్రియాటినిన్ తక్కువగానే తయారవుతుంది కాబట్టి, చిన్న అంకె వెనక పెద్ద లోటు దాక్కోగలదు. 60 కన్నా తక్కువ మూడు నెలల పాటు అలాగే ఉంటే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుగా లెక్కిస్తారు. అందుకే ఒక్క పరీక్షతో కంగారు పడనక్కర్లేదు, ఊరుకోకూడదు కూడా.

ఆమె మోకాళ్ల నొప్పులకు రోజూ నొప్పి మాత్ర వేసుకుంటారని అప్పుడే తెలిసింది. కిడ్నీకి ఆ మాత్ర చేసే చేటు ముందు ఏ సీసా అయినా తర్వాతి సంగతే. మూడు నెలలకు మళ్ళీ పరీక్ష, ఈలోగా డాక్టరుతో మాట్లాడి నొప్పి మాత్ర మార్పు. క్వెర్సెటిన్ ఆమె పేరు మీద నుంచి తీసేశాం.

3. మందుల చీటీ పక్కన పెట్టుకుని చూడండి

మీరు వాడే ప్రతి మందునూ ఒక చోట రాయండి. నాటు మందు, పసరు, పక్కింటివారు ఇచ్చిన పొడి, అన్నీ అందులో ఉండాలి. క్వెర్సెటిన్ పేగులోనూ కాలేయంలోనూ మందులను అటూ ఇటూ నడిపే ప్రోటీన్లతో, వాటిని విరగగొట్టే ఎంజైములతో పేచీ పడుతుంది. దాంతో కొన్ని మందులు రక్తంలో ఉండాల్సినదాని కన్నా ఎక్కువగా చేరవచ్చు.

రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, అసినోకౌమరాల్ జాబితాలో ఉంటే వద్దు. గుండెకు డిగాక్సిన్ వాడుతుంటే అసలే వద్దు. పందుల మీద చేసిన ఒక ప్రయోగంలో డిగాక్సిన్, క్వెర్సెటిన్ కలిపి ఇస్తే మూడింట్లో రెండు అరగంటలోపే చనిపోయాయి. పందికి ఇచ్చిన మోతాదు వేరు, మనిషి వేరు, నిజమే. అయినా డిగాక్సిన్‌కు సరైన మోతాదుకూ విషానికీ మధ్య సందు చాలా సన్నం, అక్కడ పందెం కాయకూడదు. సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ వాడే మార్పిడి రోగుల సంగతి పైనే చెప్పాను.

బీపీ మాత్ర, షుగరు మాత్ర వాడేవారికి అడ్డు లేదు గానీ, డాక్టరుకు చెప్పి, అంకెలు చూసుకుంటూ వాడాలి. బీపీ మాత్ర, క్వెర్సెటిన్ రెండూ కలిసి బీపీని దించితే లేచి నిలబడ్డప్పుడు కళ్ళు తిరుగుతాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు: వద్దు.

4. ఒక నెల వంటింట్లో గడపండి

సీసా మీద ఉల్లిపాయ బొమ్మ ఎందుకు వేస్తారో ఆలోచించారా? ఉల్లి తిన్నవారి మీద వచ్చిన మంచి పేరును గుళికకు అంటించడానికి. 1993లో నెదర్లాండ్స్‌లోని జుట్ఫెన్ పట్టణం నుంచి ఒక అధ్యయనం వచ్చింది. 65 నుంచి 84 ఏళ్ల మగవారు 805 మంది. టీ, ఉల్లి, ఆపిల్ ద్వారా ఫ్లేవనాయిడ్లు ఎక్కువగా తిన్నవారు గుండెజబ్బుతో చనిపోవడం తక్కువగా కనిపించింది. వారు రోజుకు సగటున తిన్నది 26 మిల్లీగ్రాములు మాత్రమే. గుళికలో ఉండేది 500. పైగా అది తిండి అలవాట్లను గమనించిన అధ్యయనం, గుళిక ఇచ్చి చూసిన ప్రయోగం కాదు. ఉల్లి తినేవాడు ఇంకా ఏమేం మంచి పనులు చేస్తాడో ఎవరికి తెలుసు? ఉల్లి లెక్క ఉల్లికి, గుళిక లెక్క గుళికకు విడివిడిగా రాసుకోండి. అమ్మేవారు ఈ రెండింటినీ కలిపేస్తారు, నాకు ఒళ్ళు మండేది అక్కడే.

వంద గ్రాముల ఎర్ర ఉల్లిలో సుమారు 30 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే మధ్యరకం ఉల్లిపాయ ఒక్కటి చాలు, ఆ డచ్చి ముసలివారిని అందుకోవడానికి. 500 అందుకోవాలంటే పదహారు పదిహేడు తినాలి, అది ఎవరి వల్లా కాదు. తెల్ల ఉల్లిలో దాదాపు ఉండదు, కొనేటప్పుడు ఎర్రదే తీసుకోండి.

ఇప్పుడు ఒలవడం. మన ఇళ్లలో ఉల్లిని ఎలా ఒలుస్తామో ఒకసారి చూడండి. తల కోసి, మొదలు కోసి, పొట్టు ఊడిరాక విసుగు పుట్టి, దానికి అంటుకున్న మొదటి కండ పొరను కూడా లాగి పారేస్తాం. బయట సగం ఎండి, ఊదా రంగులో తోలులా ఉండే పొర అది. క్వెర్సెటిన్ బయటి పొరల్లోనే ఎక్కువ, లోపలికి వెళ్ళే కొద్దీ తగ్గుతుంది. ఆ ఒక్క పొరతో మంచి వాటా బుట్టలో పడిపోతుంది. కత్తి మొనతో పై పొట్టు మీద మాత్రమే నిలువుగా సన్నటి గీటు పెట్టి, గోటితో పొట్టు వరకే లేపండి. ఉల్లిని ఐదు నిమిషాలు నీళ్లలో వేసి ఉంచితే పొట్టు మెత్తబడి ఇంకా సులువుగా వస్తుంది. కండ పొర మరీ తోలుగా ఉంటే సన్నగా తరిగి పులుసులో వేయండి, తేడా తెలియదు. పొట్టును మరిగించి తాగమని ఫోనులో వీడియోలు వస్తుంటాయి. పొలంలో కొట్టిన మందులు, గోదాములో పట్టిన నల్ల బూజు ఉండేది ఆ పొట్టు మీదే. నేనైతే తాగను.

వండటంలో పెద్ద చిక్కు లేదు. నీళ్లలో ఉడికిస్తే కొంత ఆ నీళ్లలోకి దిగుతుంది, కాబట్టి నీళ్ళు పారబోయకుండా ఉండే వంటలు మేలు. ముక్కల పులుసు, ఉల్లిపాయల పులుసు మనకు కొత్తవి కావు. మాడిపోయేలా వేయించకండి. పొద్దున్నే చోడి అంబలిలోకి పచ్చి ఉల్లిపాయ కొరుక్కునే అలవాటు ఇంకా ఉన్న ఇళ్ళు అదృష్టం చేసుకున్నవి. బీపీ కోసం ఇదంతా చేస్తుంటే ఆ అంబలిలో ఉప్పు మాత్రం తగ్గించండి.

ఉల్లి నుంచి క్వెర్సెటిన్ ఒంట పట్టే తీరు కూడా వేరు. ఉల్లిలో అది చక్కెరతో జత కట్టి ఉంటుంది, ఆ జత పేగు గోడను సులువుగా దాటుతుంది. 1995లో పెద్దపేగు తీసేసిన తొమ్మిది మంది మీద డచ్చి పరిశోధకులు చేసిన ప్రయోగంలో, ఉల్లి నుంచి 52 శాతం, విడి క్వెర్సెటిన్ నుంచి 24 శాతం లోపలికి వెళ్ళిందని అంచనా వేశారు. గుళికల్లో ఎక్కువగా ఉండేది ఆ విడి రకమే.

మునగాకు మరో మంచి వనరు. ఆషాఢంలో మునగాకు తినాలని పెద్దలు పెట్టిన నియమం ఆ ఒక్క నెలకే ఎందుకు ఆగాలి? పెసరపప్పుతో వారానికి రెండుసార్లు వండుకోండి. అయితే కిడ్నీ వడపోత తగ్గినవారికి మునగాకులోని పొటాషియం ఇబ్బంది పెట్టవచ్చు, ఎండబెట్టిన పొడిలో అది ఇంకా చిక్కబడి ఉంటుంది. కొబ్బరి నీళ్లతోనూ అదే తంటా. కొబ్బరి తోటల మధ్య పుట్టి పెరిగిన ఉద్దానం మనిషికి బొండాం తాగొద్దని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. కిడ్నీ డాక్టరు ఆ మాట ఇప్పటికే చెప్పి ఉంటే మునగాకు పొడి గురించి కూడా ఆయన్నే అడగండి.

నెల గడిచాక చాలామందికి సీసా మీద మోజు తీరిపోతుంది. తీరకపోతే కింది మెట్టు.

5. సీసా మీది చీటీ అక్షరం అక్షరం చదవండి

కళ్ళద్దాలు పెట్టుకోండి, అవి చీమ తలకాయంత అక్షరాలు. ముందు వైపు రాసింది వదిలేసి సీసా తిప్పండి.

మొదట చూడాల్సింది ఒక విడత అంటే ఎన్ని గుళికలు అన్నది. ముందు 1,000 మిల్లీగ్రాములని ఉంటుంది, వెనక తిప్పితే అది రెండు గుళికలకు అని ఉంటుంది. మాస్టారి సీసా సరిగ్గా అలాంటిదే.

తర్వాత ఏ రూపంలో ఉందో చూడండి. ‘క్వెర్సెటిన్ డైహైడ్రేట్ 500 మిల్లీగ్రాములు’ అంటే నీటి అణువుల బరువు పోగా అసలు క్వెర్సెటిన్ 447 ఉంటుంది. ఇది మోసం కాదు, తెలుసుకోవాల్సిన విషయమంతే. ‘సొఫోరా జపానికా సారం 500’ అని మాత్రమే ఉండి అందులో క్వెర్సెటిన్ ఎంత శాతమో రాయకపోతే మాత్రం కొనకండి. ఆ చెట్టు మొగ్గల నుంచే ఈ సరుకు ఎక్కువగా తీస్తారు, కానీ సారం బరువూ అందులోని పదార్థం బరువూ ఒకటి కాదు. ‘ఫైటోసోమ్’ అని ఉంటే లెసిథిన్ అనే కొవ్వు పదార్థంతో కలిపారని అర్థం. అది చాలా ఎక్కువగా ఒంట పడుతుంది కాబట్టి మామూలు రకపు మోతాదు లెక్క దానికి వేయకూడదు.

కలిపిన సరుకులు చూడండి. బ్రోమెలైన్ అని ఉంటే అనాసపండు నుంచి తీసే ఎంజైము, రక్తం పలచబడే మందులు వాడేవారికి అదీ చిక్కే. జింకు, విటమిన్ సి, పసుపు సారం, మిరియాల సారం, అన్నీ ఒకే గుళికలో ఉంటే రేపు దద్దురు వచ్చినప్పుడు ఏది కారణమో చెప్పలేం. ఒక్క పదార్థం ఉన్నదే మేలు.

మన దేశంలో అమ్మే సీసా మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉండాలి. ‘ఫుడ్ సేఫ్టీ కనెక్ట్’ యాప్‌లో ఆ సంఖ్య కొట్టి చూడవచ్చు, ఫిర్యాదు కూడా అందులోనే చేయవచ్చు. ఆ సంస్థ నిబంధనల ప్రకారం ఇలాంటి సరుకు మీద ఇది మందుగా వాడేందుకు కాదని రాసి తీరాలి. వెనక ఆ మాట రాసుకుని ముందు షుగరు నయమవుతుందని చెప్పేవాడి మాట ఎలా నమ్ముతాం? షుగరు, బీపీ, క్యాన్సర్ లాంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. ఊళ్ళో కల్యాణ మండపం అద్దెకు తీసుకుని, భోజనాలు పెట్టి, సభ్యులుగా చేర్చుకుని అమ్మేవారికి ఈ చట్టం గుర్తు చేసి చూడండి, మాట ఎలా మెత్తబడుతుందో.

అమెరికా సీసాల మీద మనవారికి గురి ఎక్కువ. అక్కడ కూడా సప్లిమెంటును అమ్మకానికి ముందు ప్రభుత్వం పరీక్షించి అనుమతి ఇవ్వదు. యూఎస్‌పీ వంటి బయటి సంస్థ ముద్ర ఉంటే లోపల రాసిందే ఉందన్న భరోసా కొంత పెరుగుతుంది.

6. కొలవండి, మింగండి, మళ్ళీ కొలవండి

బీపీ కోసమైతే ఇలా చేయండి. చేతి మణికట్టుకు పెట్టేది కాకుండా పై చేతికి పట్టీ చుట్టే యంత్రం కావాలి. గుళిక మొదలుపెట్టకముందే ఒక వారం కొలవాలి. పొద్దున మాత్ర వేసుకోకముందు, మూత్రానికి వెళ్ళి వచ్చి, వీపు ఆనించి, రెండు పాదాలూ నేలకు ఆన్చి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. అంతకు ముందు అరగంటలో టీ, చుట్ట, సిగరెట్టు ఉండకూడదు. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. కొలుస్తున్నంతసేపు మాట్లాడకండి, పక్కనున్నవారిని కూడా పలకరించవద్దని చెప్పండి. నిమిషం తేడాతో రెండుసార్లు. సాయంత్రం మళ్ళీ రెండుసార్లు. ఏడు రోజులకు 28 అంకెలు వస్తాయి. మొదటి రోజువి నాలుగూ కొట్టేసి మిగిలిన 24కు సగటు తీయండి. ఇంట్లో కొలిచిన సగటు 135/85 దాటితే ఎక్కువ ఉన్నట్టు.

ఇంత తతంగం ఎందుకంటే, బీపీ తనంతట తానే పూటపూటకూ పది పాయింట్లు అటూ ఇటూ ఊగుతుంది. మీరు వెతుకుతున్నది 3 పాయింట్ల తేడా. మా దుకాణంలో నిలబడి ఒకసారి కొలిపించుకుని ‘తగ్గింది’ అనుకునేవారు ఎందరో.

తర్వాత రోజుకు 500 మిల్లీగ్రాములు, భోజనంతో పాటు. కొవ్వు ఉన్న తిండితో బాగా ఒంట పడుతుంది, పప్పులో వేసుకునే నెయ్యి చాలు. దీనికి మించవద్దు. ఎనిమిది వారాలు. ఆఖరి వారం మళ్ళీ 28 అంకెలు, మళ్ళీ సగటు. ఈ ఎనిమిది వారాల్లో కొత్తగా ఇంకేదీ మొదలుపెట్టకండి, ఇంకేదీ మానకండి. ఈ మాట మళ్ళీ చదవండి.

తలనొప్పి, కడుపులో తిప్పడం, చేతులు కాళ్ళు తిమ్మిరెక్కడం ఉంటే ఆపేయండి. మూత్రం తగ్గినా, మొహం వాచినా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా ఆపి, అదే రోజు డాక్టరు దగ్గరకు వెళ్ళండి, సీసా చేత్తో పట్టుకుని. ఆపరేషన్ ఏదైనా ఉంటే ముందుగానే సర్జనుకు చెప్పండి.

మాస్టారి వడపోత 78, మూత్రంలో అల్బుమిన్ లేదు, డాక్టరు సరేనన్నారు. ఆయన ఎనిమిది వారాలూ గీతల పుస్తకంలో నిలువు గళ్ళు గీసి అంకెలు రాశారు, ఎంతైనా లెక్కల మాస్టారు. మొదటి సగటు 142, ఆఖరి సగటు 134. పుస్తకం బల్ల మీద పరిచి, రెండో సీసా తెప్పించమంటారా అని అడిగారు. ఎనిమిది పాయింట్లు చూసి నాకే ఆశ్చర్యం వేసింది. అప్పుడు పక్కనున్న వారి భార్య అన్నారు: “బీపీ కోసం ఇంత కష్టపడుతుంటే మధ్యలో ఆవకాయ ఎందుకని రెండో వారంలోనే జాడీ అటక ఎక్కించాను. అప్పడాలు కూడా.”

మాస్టారు పుస్తకం వంక కాసేపు చూశారు. జాడీని కిందికి దించవద్దని, సీసా మాత్రం ఆపి నాలుగు వారాల తర్వాత మళ్ళీ 28 అంకెలు రాయమని చెప్పాను. ఇప్పుడు మూడో వారం నడుస్తోంది.